జగ్గయ్యపేట నుంచి నందిగామకు పుల్లల చక్రాల కారులో

కాశీ వెళ్లినవాళ్లు యాత్ర రాస్తారు. రామేశ్వరం వెళ్లినవాళ్లు రాస్తారు. నేను జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లొచ్చి రాస్తున్నాను. పద్దెనిమిది మైళ్ల దారి. బస్సులో అయితే గంట, టిక్కెట్టు అరవై అయిదు నయాపైసలు. నాకు వెళ్లడానికే మూడు గంటల నలభై అయిదు నిమిషాలు పట్టింది. నాలాగే పాత ఇంగ్లీషు కారొకటి ఇంటికి తెచ్చుకుని, ఓనమాలు రాకుండానే దాన్ని విప్పి, మళ్లీ బిగించి రోడ్డెక్కుదామనుకునే సాహసులు ఎవరైనా ఉంటే వాళ్లకు పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు.

నేను జగ్గయ్యపేట హైస్కూల్లో లెక్కల మేస్టారిని. నయాపైసలు వచ్చి నాలుగైదేళ్లయిన రోజులవి. బడికి బీరువా కావాలని, చందా కోసం ముక్త్యాల వైపు ఒక పెద్ద రైతు గారింటికి వెళ్లాను. బీరువా సంగతి తర్వాత చూద్దామన్నారాయన. వెనక్కి వస్తుంటే కొట్టంలో గడ్డివాము కింద నుంచి గుండ్రటి దీపం ఒకటి కనిపించింది. గడ్డి లాగి చూస్తే కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగాటి మూతి, సైకిలుకున్నట్టు పుల్లల చక్రాలు. సీట్లో కోడి పొదుగుతోంది. యుద్ధం అయిపోయాక దేశం విడిచి వెళ్తున్న ఒక దొర దగ్గర సరదాకి కొన్నారట. పదేళ్లుగా కదల్లేదట.

నా మొహం చూసి ఆ పెద్దమనిషికి జాలేసినట్టుంది. "తీసుకెళ్లండి మేస్టారూ. కోడిని మాత్రం వదిలెయ్యండి. ఒకటే మాట. వచ్చే ఏడు శ్రీరామనవమి లోపల బండి నడవాలి, కాగితాలు మీ పేర మారాలి. లేదంటే పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేస్తా. కొట్టం ఖాళీ అవ్వాల, పేచీ వదలాల" అన్నారు.

రెండెడ్ల బండికి కట్టి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "బీరువా ఏదండీ?" అంది.

అప్పటికి నాకు తెలిసిన యంత్రాలు రెండు: గోడ గడియారం, సైకిలు. లారీ మెకానిక్కుని అడిగి పానాలు తెస్తే ఈ కారు నట్లకు ఒక్కటీ పట్టలేదు. ఇంగ్లీషువాళ్ల కొలతలే వేరట. కార్బొరేటర్లు రెండూ విప్పి కిరసనాయిల్లో నానబెట్టి కోడి ఈకతో తుడిచాను. బ్యాటరీ తీగలు లారీకి తగిలించినట్టే తగిలిస్తే నిప్పురవ్వలు లేచి నా లాల్చీ చెయ్యి కాలింది. మన లారీలకు ఏ తీగ ఎటు తగిలించాలో, ఆ కారుకు సరిగ్గా దానికి తిరగేసి. నాకు అప్పుడే బుద్ధి రావలసింది. రాలేదు.

కారు పైన రేకు, లోపల అంతా కర్ర చట్రం. ఆ కర్ర చెదలు తినేసింది. దానికోసం వెళ్లి వీరాచారి గారిని పట్టుకున్నాను. ఆయన ఎడ్ల బండ్లు చేసే వడ్రంగి, నాకంటే పదేళ్లు పెద్ద. చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో ఆయన చేసిన బండ్లున్నాయి. అయితే అప్పుడప్పుడే రబ్బరు టైర్ల బండ్లు వస్తున్నాయి. ఇనప పట్టా బండి చేయించుకునేవాడు తగ్గిపోయాడు. ఆ ఏడు ఆయనకు రెండే బండ్లు దొరికాయి. తీరిక ఉంది గనక నా కారు చట్రమంతా పాత టేకు దూలాలతో కొత్తగా చేసిచ్చారు. పని చూసి ఎవరో చెబితే, నందిగామలో లారీ బాడీలు కట్టించే షెడ్డు యజమాని కోటయ్య గారు కబురు పెట్టారు: "బండి నడుపుకుంటూ తీసుకురండి. బ్రేకు ఇనస్పెక్టరు పాసు చేస్తే ఆచారికి నా షెడ్లో ఏడాది పొడుగునా పని."

అంచేత ఆ శనివారం ప్రయాణంలో ఇద్దరి గొడవ ఇమిడి ఉంది. బండ్లు తనిఖీ చేసే ఇనస్పెక్టరు, జనం నోట్లో ఆయన బ్రేకు ఇనస్పెక్టరే, నెలకోసారి నందిగామ ట్రావెలర్స్ బంగళాకి వస్తారు. సాయంత్రం నాలుగున్నరకు వెళ్లిపోతారు. మళ్లీ వచ్చేసరికి శ్రీరామనవమి దాటిపోతుంది. ఆ రోజు పాసు కాకపోతే నా పద్నాలుగు నెలల ఆదివారాలు పాత ఇనుములోకి పోతాయి, వీరాచారి గారి పని చేతికందకుండానే పోతుంది.

ఇక్కడ ఒక ముచ్చట ముందే చెప్పాలి. బయలుదేరడానికి వారం ముందు కారు ముందు చక్రాల హబ్బులు విప్పాం. హబ్బంటే ఇరుసు మీద కూర్చునే పళ్లున్న ఇనప గిన్నె. దాని మీద చక్రం పెట్టి, రెండు చెవులున్న పెద్ద నట్టు ఒకటి కొడతితో, అంటే కర్ర సుత్తితో, కొట్టి బిగిస్తారు. హబ్బుల పళ్లు ఒక వైపే అరిగి ఉన్నాయి. వీరాచారి గారు చూసి, "ఎడ్ల బండికయితే ఏడాదికోసారి కుడి చక్రం ఎడమకి, ఎడమది కుడికి మారుస్తామండి. అరుగుడు సమానంగా ఉంటది. మోటారుకి అట్టా చెయ్యొచ్చో లేదో మరి" అన్నారు. ఆ 'లేదో మరి' అనే మాట మూడుసార్లు అన్నారు. నేను అరుగు మీద సుద్దముక్కతో సున్నా చుట్టి, "ఆచారి గారూ, వృత్తానికి కుడీ ఎడమా ఉండవండీ" అని తేల్చేశాను. నట్లతో సహా హబ్బులు అటువి ఇటు, ఇటువి అటు మార్చేశాం.

ఉదయం ఆరూ అయిదుకి బయలుదేరాం. కొబ్బరికాయ కొట్టాను. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. నలిగాయి. "పదింటికల్లా వచ్చేస్తానన్నారుగా, టిఫిను కట్టలేదు" అంది మా ఆవిడ. వీధివాళ్లంతా బయటికొచ్చారు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. వీరాచారి గారు తలపాగా గట్టిగా బిగించి, కొడతి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మోటారెక్కడం ఆయనకు అదే మొదటిసారి కాదు గానీ పైకప్పు లేనిది ఎక్కడం మొదటిసారి.

నాలుగు మైళ్లు వెళ్లి ఆరున్నరకు చిల్లకల్లు దగ్గర హైదరాబాదు రోడ్డెక్కాం. అక్కడ పాకలో టీ తాగాం, ఇద్దరికీ ఇరవై నయాపైసలు. పాకావిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "పైకప్పు అమ్ముకున్నారా మేస్టారూ?" అంది. కోదాడ నుంచి వస్తున్న లారీ డ్రైవరొకాయన దిగి వంగి చూసి, "గిదేం బండి సారూ, గింత చిన్నగుంది. ఇంకా పెరుగుతదా?" అన్నాడు. నాకు పౌరుషం వచ్చి, ఇంగ్లండులో ఇలాంటి కార్లతో పందేలు కడతారని చెప్పాను. "గట్లనా, కట్టున్రి" అని వెళ్లిపోయాడు.

వీరాచారి గారు మాత్రం నవ్వలేదు. ముందు చక్రం దగ్గర కూర్చుని నట్టు మీద చెయ్యి వేసి, "ఇది వదులయిందండి" అన్నారు. రెండోవైపు చూస్తే అదీ అంతే. కొడతితో నాలుగు దెబ్బలు వేసి బిగించారు. "కొత్తలో అంతేలెండి, సర్దుకుంటుంది" అన్నాను నేను, నాకేదో తెలిసినట్టు.

రోడ్డు బావుంది. రెండు పక్కలా కోసేసిన జొన్న చేలు, కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. ఎర్రటి కళ్లం పక్కనుంచి వెళ్తుంటే ఇద్దరికీ ఒకటే తుమ్ములు. పైకప్పు లేని కారు కొనేవాళ్లు ఈ దారిన మిరప కోతల కాలంలో రాకండి. అలా మూడు మైళ్లు హాయిగా సాగిందో లేదో, చేతిలో స్టీరింగు చక్రం వణకడం మొదలెట్టింది. ఎదురుగా వస్తున్న జగ్గయ్యపేట బస్సులోంచి కండక్టరు సగం బయటికి వేలాడి, "ఓ కారాయనా! ముందు చక్రం డాన్సాడుతోంది! ఆపండి, ఆపండీ!" అని అరిచాడు.

ఆపి చూశాను. ఎడమ నట్టు ఊడిపోవడానికి ఇంకా రెండు చుట్లుంది. అక్కడి నుంచి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. మైలురాయి కనిపించిన చోటల్లా ఆగడం, వీరాచారి గారు దిగి కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు కొట్టడం, మళ్లీ ఎక్కడం. సైకిలు మీద పాల క్యాన్లు వేసుకుని వెళ్లే ఒకాయన మమ్మల్ని అయిదుసార్లు దాటాడు, మేము ఆయన్ని నాలుగుసార్లు దాటాం. ఆఖరిసారి ఆయన, "ఏవండీ, రాళ్లకి మొక్కుకున్నారా?" అని అడిగాడు.

తొమ్మిదీ యాభైకి నందిగామ చేరాం. ఊరి మొదట్లోనే కోటయ్య గారి షెడ్డు. లారీలు రెండు బాడీలు లేకుండా నిలబడి ఉన్నాయి. కోటయ్య గారు యుద్ధంలో బర్మా దాకా మిలటరీ బండ్లు నడిపిన మనిషి, గొంతు ఇంకా ఇంజను చప్పుడు మీద మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మొదట కర్ర చట్రం చూశారు. తలుపు తీశారు, వేశారు, చెవి పెట్టి విన్నారు. "కర్ర పనికి వంక పెట్టేది లేదయ్యా" అన్నారు. వీరాచారి గారి మొహం విచ్చుకుంది.

అప్పుడు నేను నోరు జారి నట్ల సంగతి చెప్పాను. కోటయ్య గారు వంగి, చాకుతో నట్టు మీది రంగు గీకారు. కింద ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. ఎడమవైపున ఉన్న నట్టు మీద కుడివైపు అని ఉంది. ఆయన లేచి నిలబడి మా ఇద్దర్నీ చూశారు.

"దీని మరలు కుడివైపుకి ఒక రకం, ఎడమవైపుకి ఒక రకం. సరైన వైపునుంటే బండి నడిచేకొద్దీ నట్టు దానంతటదే బిగుసుకుంటది. తారుమారు చేస్తే నడిచేకొద్దీ ఊడొస్తది. ఎవరు మార్చారీ హబ్బులు?"

నాకు నలభై ఏళ్లు. ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల పిల్లలందరికీ లెక్కలు చెప్పినవాణ్ణి. కోటయ్య గారి అబ్బాయి కూడా నా దగ్గర చదివినవాడే. వృత్తానికి కుడీ ఎడమా ఉండవని సుద్దముక్కతో రుజువు చేశానని ఎలా చెప్పను? చెబుదామనే అనుకున్నాను. ఇంకొక్క క్షణం ఆగి చెబుదామనుకున్నాను.

"నేనేనండి. బండి చక్రాలు మార్చినట్టు మార్చా" అన్నారు వీరాచారి గారు.

కోటయ్య గారు చాకు మడిచారు. "నీ కర్ర పని బంగారం ఆచారీ. కానీ తెలియని దాంట్లో వేలు పెట్టేవాణ్ణి నేను లారీల దగ్గరకు రానివ్వలేను. లారీ ఎక్కేది మనుషులు. ఏమనుకోకు" అన్నారు. వీరాచారి గారు తల ఊపారు. నేను చక్రం వైపు చూస్తూ ఉండిపోయాను. అంత సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు.

హబ్బులు మళ్లీ మార్చాలంటే వాటిని ఇరుసు మీంచి లాగే కొక్కెం కావాలి. షెడ్లో ఉన్నవి లారీలవి, మా హబ్బుకి పెద్దవి. సరిపోయేది మా ఊరి కమ్మరి చేసిచ్చింది, అది వీరాచారి గారి పాకలో ఉంది. "పదిన్నర బస్సుకి వెళ్లి తెచ్చేస్తా" అన్నారాయన. టిక్కెట్టు డబ్బులు ఇవ్వబోతే, "ఉన్నాయిలెండి" అని వెళ్లిపోయారు. పని పోయినవాడు, తిట్టు పడ్డవాడు ఇంటికెళ్లి మళ్లీ ఈ ఎండలో ఎందుకొస్తాడు? బస్సు కదిలి మలుపు తిరిగేదాకా చూశాను. ఆయన వెనక్కి తిరగలేదు.

తర్వాతి మూడున్నర గంటలు నేను నందిగామ అంతా తిరిగాను. ఈ ఊరు కొత్తగా చూసేవాళ్లకు ఒక సలహా: కోర్టు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కాఫీ బాగుంటుంది, భోజనం ముప్పావలా. నాకు మాత్రం ముద్ద దిగదనిపించి కాఫీతో సరిపెట్టాను. పక్క బల్ల మీద కాగితాల మూటతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. నన్ను చూసి, "మీదీ వాయిదానా బాబూ?" అన్నాడు. కాదు, మనిషి కోసం ఎదురుచూస్తున్నానన్నాను. "వస్తాడా?" అన్నాడు. తెలియదన్నాను. "మా గట్టు తగాదా తొమ్మిదేళ్లు. మీకు ఒక్క పూటే గదా, కాస్త కూర్చోండి" అని తన విసనకర్ర నాకిచ్చాడు. నా మొహం అంత దీనంగా ఉందన్నమాట.

ఒంటిగంట దాటింది. జగ్గయ్యపేట నుంచి ఒక బస్సు వచ్చింది. అందులో ఆయన లేరు. ఒకటిన్నరకు నేను బస్సుల దగ్గరే నిలబడిపోయాను. కారు పోతే పోయింది, ఆయన మాత్రం రావాలని అప్పుడు గట్టిగా అనిపించింది. వస్తే ఆయనకేం చెప్పాలో మాత్రం తట్టలేదు.

రెండూ పదికి ఇంకో బస్సు ఆగింది. వీరాచారి గారు దిగారు. ఒక చేతిలో గోనెపట్టాలో చుట్టిన కొక్కెం, ఇంకో చేతిలో గుడ్డ కట్టిన గిన్నె. "ముందు బస్సు దొరకలేదండి, జనం. మీరేం తిని ఉండరని మా ఇంట్లోవాళ్లు ఇది కట్టిచ్చారు" అన్నారు. మూత తీస్తే జొన్నన్నం, గోంగూర పచ్చడి, మధ్యలో ఉల్లిపాయ. షెడ్డు నీడలో కూర్చుని తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. గోంగూరలో కారం ఎక్కువే గానీ, అది కారం వల్ల కాదు.

ఇద్దరం పనిలో దిగాం. జాకీ ఎత్తడం, చక్రాలు తియ్యడం, చీలమేకులు లాగడం, గ్రీజు మోచేతుల దాకా. కొక్కెం పట్టి లాగితే కుడి హబ్బు తేలిగ్గా వచ్చింది, ఎడమది మొరాయించింది. మూడూ ఇరవై అయింది. వీరాచారి గారు కొడతి తిరగేసి ఎక్కడో చిన్నగా ఒక దెబ్బ వేశారు, ఊడి వచ్చింది. ఎక్కడ కొట్టాలో ఆ చేతికి తెలుసు. మూడూ యాభైకి హబ్బులు దేని వైపున అవి కూర్చున్నాయి, నట్లు బిగిశాయి. వాటి మీది అక్షరాలు ఒకటికి రెండుసార్లు చదివాను. చదవడమైనా వచ్చు కదా నాకు!

నాలుగూ అయిదుకి బంగళా ఆవరణలో ఉన్నాం. కోటయ్య గారు కూడా తన లారీ ఒకటి పాసు చేయించుకోవడానికి వచ్చి ఉన్నారు. బ్రేకు ఇనస్పెక్టరు సన్నటి మనిషి, టోపీ కింద మెడ మీదికి జేబురుమాలు వేలాడేసుకున్నారు. దీపాలు చూశారు. హారను నొక్కమన్నారు, అది అవసరానికి మించే మోగింది. ఆవరణ చుట్టూ రెండు చుట్లు తిప్పించి హఠాత్తుగా బ్రేకు తొక్కమన్నారు. బండి ఆగింది. ఆయన దగ్గరికొచ్చి తలుపు చట్రం మీద వేలి కణుపుతో తట్టారు.

"ఇది ఫ్యాక్టరీ కర్ర కాదే. ఎవరు చేశారు? మేకు ఒక్కటీ కనపడదేం?"

"మేకు కొడితే కర్ర చీలుద్దండి. అన్నీ కర్ర శీలలే" అన్నారు వీరాచారి గారు, రెండడుగులు వెనక నిలబడి.

"పనిమంతుడేనండి, అదే నా బాధ" అన్నారు పక్కనుంచి కోటయ్య గారు. "తెలిసీ తెలియక హబ్బులు తారుమారు చేసి పొద్దున మేస్టారి ప్రాణం తీసేవాడే."

ఇనస్పెక్టరు గారు కలం ఎత్తి పట్టుకున్నారు. సంతకం పెట్టే చోటికి జానెడు దూరంలో అది ఆగిపోయింది. ఇప్పుడు నేను నోరు విప్పితే ఆ కలం జేబులోకి వెళ్లిపోవచ్చు. ఏమీ తెలియనివాడి చేతిలో ఈ బండి ఎందుకనుకోవచ్చు. విప్పకపోతే కారు నాది. నాకు చాలా భయం వేసింది. అయినా ఈసారి క్షణం ఆగుదామనుకోలేదు.

"ఆయన కాదండి, నేను. మోటారుకి పనికొస్తుందా అని ఆయన మూడుసార్లు అడిగారు. వృత్తానికి కుడీ ఎడమా ఉండవని సుద్దముక్కతో గీసి మరీ నేనే మార్పించాను. పొద్దున కోటయ్య గారు అడిగినప్పుడు చెప్పడానికి సిగ్గేసింది. ఆయన నెత్తిన వేసుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను" అన్నాను. చెప్పడం అయ్యాక ఒంట్లోంచి జ్వరం దిగినట్టయింది.

ఇనస్పెక్టరు గారు కలం మూత పెట్టేశారు. అయిపోయిందనుకున్నాను. ఆయన వంగి, నాలుగు నట్లూ స్వయంగా చేత్తో పట్టి చూశారు, వాటి మీది అక్షరాలు చదివారు. "ఎక్కండి, హైవే దాకా వెళ్లొద్దాం" అని పక్క సీట్లో కూర్చున్నారు. రెండు మైళ్లు వెళ్లి వచ్చాం. దిగి మళ్లీ నట్లు పట్టి చూశారు. వెంట్రుకవాసి కదల్లేదు. అప్పుడు మూత తీసి సంతకం పెట్టి, "వృత్తి దగ్గర లెక్కల మేస్టారు అనే రాయాలా?" అన్నారు. నవ్వకుండానే అన్నారు.

కోటయ్య గారు నన్ను పక్కకు పిలిచి, "ఈ మాట పొద్దున చెబితే మీ సొమ్మేం పోయింది మేస్టారూ? నా కొడుక్కి చెవి మెలేసి నిజం చెప్పమని నేర్పింది మీరే గదా" అన్నారు. ఆయన వీరాచారి గారి వైపు తిరిగి, "సోమవారం పొద్దున మొదటి బస్సుకి వచ్చెయ్యి. రెండు లారీలు నీకోసమే నిలబడి ఉన్నాయి" అన్నారు. వీరాచారి గారు కండువాతో కొడతి తుడుస్తూ, తుడిచిందే మళ్లీ తుడుస్తూ, "అట్టాగేనండి" అన్నారు.

అయిదూ పదికి నందిగామ వదిలాం. ఎండ తగ్గింది. రోడ్డు ఖాళీగా ఉంది. మొదటి మైలురాయి దగ్గర అలవాటుగా ఆగాను. వీరాచారి గారు దిగి నట్టు పట్టి చూసి, కొట్టకుండానే ఎక్కారు. రెండో రాయి దగ్గరా అంతే. మూడోదాని దగ్గర నేను ఆపలేదు, ఆయన ఆపమనలేదు. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేని ఆ దారిలో, పొద్దున చేతిలో వణికిన చక్రం ఇప్పుడు రెండు వేళ్ల మీద నిలిచింది. అమ్మయ్య అనే మాట నేను అంత గట్టిగా ఎన్నడూ అనలేదు. ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: రోడ్డు మంచిది, దూరం తక్కువ, దాహానికి చిల్లకల్లు ఉంది, చెడితే నందిగామలో చూసేవాళ్లున్నారు. కారు గురించి ఏమీ తెలియకపోయినా ఫరవాలేదు. తెలియదని చెప్పగలిగిన మనిషిని మాత్రం ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

చిల్లకల్లు మలుపు తిరిగి మా ఊరి రోడ్డెక్కాక అడిగాను. "ఆచారి గారూ, పొద్దున ఆ మాట మీ మీద ఎందుకు వేసుకున్నారు? మీ పని పోతుందని తెలుసు గదా."

ఆయన ఒళ్లో కొడతి సర్దుకున్నారు. "పోయినేడు మీ బడి కిటికీలు బిగించింది నేనే గదండీ. వారం రోజులు మీ క్లాసు బయటే కూర్చుని పని చేశా. లెక్క తప్పిన పిల్లాణ్ణి మీరు ఎంటనే అడగరు. పలకలు చూసుకుంటా అటూ ఇటూ తిరుగుతారు. కాసేపటికి వాడే లేచి, 'తప్పు చేశానండి' అంటాడు. పొద్దున మీ మొహం చూస్తే ఆ పిల్లాళ్లే గుర్తొచ్చారు. చెప్తారు, కాసేపు పట్టుద్దిలే అనుకున్నా. ఆ కాసేపు ఊరికే కూర్చోలేక ఊరెళ్లి కొక్కెం తెచ్చా."

నేను రోడ్డు చూస్తూ నడిపాను. ఊళ్లో దీపాలు వెలిగిస్తున్నారు. ఆరూ నలభైకి వడ్రంగుల వీధి మొదట్లో కారు ఆపాను. ఆయన దిగి గోనెపట్టా భుజాన వేసుకున్నారు. నేనూ దిగి నిలబడ్డాను.

"తప్పు చేశానండి" అన్నాను.

"కూర్చోండి, కూర్చోండి" అన్నారు వీరాచారి గారు, అచ్చం నేను క్లాసులో అనేలాగే. ఇద్దరం వీధంతా వినపడేలా నవ్వాం.